గ్రీజు కాదు, నూనె
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శి ఫోన్ చేసి, "ఇంజనీరువి కదా, పిల్లలకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పు" అన్నారు. నా ఉద్యోగం గురించి చెబితే మీకు నిద్ర వస్తుంది. పంపులు, పైపులైన్లు, టెండర్లు, అంతే. అందుకని ఆదివారాలు ఇంట్లో నేను చేసే పని గురించి చెబుతాను. పొద్దున గేటు దగ్గర మీలో చాలామంది ఫొటోలు తీసుకున్న తెల్లకారు ఉంది కదా, దాని గురించి.

దాని పేరు స్టాండర్డ్ హెరాల్డ్. ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు దాన్ని మన దేశంలో తయారు చేశారు. ఇంజను 948 సీసీ. ఇదే చాసిస్‌ను పొట్టిగా చేసి, 1962లో ట్రయంఫ్ వాళ్లు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు తెచ్చారు. కాబట్టి నాది స్పోర్ట్స్ కారు కాదు గానీ, దానికి అన్న వరస. మద్రాసు పక్కన షోలవరం రేసుల్లో మన హెరాల్డులూ పరుగెత్తాయి.

నా కారు 1966 మోడల్, రెండు తలుపులది. మా మేనమామది. ఆయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. 1994లో ఆయన కారు నడపడం మానేశాక, అది మామిడితోటలో రేకుల షెడ్డు కింద పదిహేడేళ్లు ఉండిపోయింది. 2011లో మామ పోయిన తర్వాత అత్త నన్ను పిలిచి, "పాత ఇనుము కొనేవాడు అడగతా ఉండాడు నాయనా. నువ్వు తీసుకుపోతానంటే నీకే ఇస్తా" అన్నది. లారీలో ఎక్కించి తిరుపతిలో మా ఇంటికి తెచ్చుకున్నాను. దానితోపాటు కారు అరలో ఉన్న హ్యాండ్‌బుక్కు, మామ చేతిరాతతో ఒక నోటుబుక్కు వచ్చాయి.

ఇంట్లో రిపేరు చేసుకునేవాడికి హెరాల్డ్ అంత అనువైన కారు అరుదు. బానెట్టు, మడ్‌గార్డులు అన్నీ కలిపి ముందుభాగం మొత్తం మొసలి నోరులా పైకి లేస్తుంది. ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. బాడీ ముక్కలు ముక్కలుగా చాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. రెండేళ్లు, ఆదివారాలు మాత్రమే పని చేశాను. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై వెళ్లి, పుదుపేట సందుల్లో తిరిగి, బ్రేకు రబ్బర్లు, బేరింగులు వెతుక్కున్నాను. డిస్ట్రిబ్యూటరులో పాయింట్ల సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు ఉండాలి. దాన్ని పెట్టడం నేర్చుకున్నాను. 2013లో బండి రోడ్డెక్కింది. ఆ రోజు నా గర్వం మీరు చూడాల్సింది. మెకానికల్ ఇంజనీరుని కదా!

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. 2017 సంక్రాంతి సెలవుల్లో అమ్మను, మా అమ్మాయిని ఎక్కించుకుని కాణిపాకం బయలుదేరాను. గేటులోంచి వెనక్కి తీసి, స్టీరింగు పూర్తిగా తిప్పాను. టక్కుమని ఒక చప్పుడు వచ్చింది. కారు కుడివైపు ముందుకు కూలబడింది. చక్రం అడ్డంగా పడుకుంది. వెనక సీట్లోంచి అమ్మ, "గుంతలో పడిందా నాయనా?" అంది. గుంత లేదు. ఇంకో పావుగంట గడిచి ఉంటే చంద్రగిరి దాటే రోడ్డు మీద, లారీల మధ్య, డెబ్బై కిలోమీటర్ల వేగంలో ఉండేవాళ్లం. ఆ చక్రం అక్కడ విరిగి ఉంటే నేనీ రోజు ఇక్కడ నిలబడి మాట్లాడేవాణ్ణి కాదు.

ఏం విరిగిందో చెబుతాను. ముందు చక్రాన్ని మోసే నిలువు ఉక్కు ముక్క అడుగున మర ఉంటుంది. ఆ మర ట్రనియన్ అనే కంచు ముక్కలోకి బిగుసుకుని ఉంటుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మర మీదే చక్రం తిరుగుతుంది. దానికి కందెన వేయాలంటే చిన్న మరమూత తీసి, అక్కడ నిపిల్ బిగించి, గన్నుతో ఎక్కించాలి. నిపిల్ చూడగానే నా చెయ్యి గ్రీజు గన్ను మీదికి పోయింది. పంపుల బేరింగులకు జీవితమంతా గ్రీజు కొట్టినవాణ్ణి మరి. నాలుగేళ్లు శ్రద్ధగా గ్రీజు కొట్టాను.

కానీ అక్కడ వేయాల్సింది తొంభై నంబరు గేరు ఆయిలు. నూనె సన్నటి మరల సందుల్లోకి పాకుతుంది, లోపల చేరిన నీటిని బయటికి నెడుతుంది. గ్రీజు అంత లోతుకు పోదు. పోయింది కూడా రానురాను గట్టిపడుతుంది. దాని వెనక నీళ్లు నిలుస్తాయి, ఉక్కు తుప్పు పడుతుంది, మర పట్టేస్తుంది. ఒకరోజు స్టీరింగు బలంగా తిప్పితే విరుగుతుంది. బయటికి మాత్రం అంతా శుభ్రంగా, జిడ్డుగా, బాగా చూసుకున్నట్టే కనిపిస్తుంది.

ఆ రాత్రి మామ హ్యాండ్‌బుక్కు తెరిచాను. గ్రీజు కాదు, ఆయిలు అని అచ్చులోనే ఉంది. తర్వాత ఆయన నోటుబుక్కు తీశాను. బెల్లం దిమ్మెల లెక్క రాసినంత పద్ధతిగా, తేదీలు వేసి రాసుకున్నాడు: "ముందు చక్రాలకు నూనె." మళ్లీ కొన్ని నెలలకు: "ముందు చక్రాలకు నూనె." పేజీల నిండా అదే. మామ పదో తరగతి దాటలేదు. నేను ఆ నోటుబుక్కును జ్ఞాపకంగా బీరువాలో దాచుకున్నాను. ఆరేళ్లలో ఒక్కసారి కూడా చదవలేదు.

అప్పుడు మన క్రాఫ్టు అయ్యవారు గుర్తొచ్చారు. మా బ్యాచీ వాళ్లకు ఈ కథ తెలుసు. తొమ్మిదో తరగతిలో బడి సైకిలు ఫ్రీవీల్ అడక్కుండా విప్పేశాను. లోపలి గుండ్లు వరండా అంతా చెల్లాచెదురయ్యాయి. ఆయన కొట్టలేదు. నేలమీద కూర్చోబెట్టి అన్నీ ఏరించారు, లెక్కపెట్టించారు. "విప్పేది ఎవడైనా విప్తాడు నాయనా. విప్పకముందు రాసుకున్నోడే మళ్లీ బిగించేది" అన్నారు. ఆ మాట నేను ఉద్యోగంలో వందమంది జూనియర్లకు చెప్పి ఉంటాను. నా ఇంట్లో నేను పాటించలేదు.

విరిగిన ముక్క ఇక్కడ దొరకలేదు. తమ్ముడు వరస స్పిట్‌ఫైర్‌ను ఇంగ్లండులో ఇప్పటికీ చాలామంది ముద్దుగా సాకుతున్నారు కాబట్టి, ఆ విడిభాగాలు అక్కడ ఇంకా తయారవుతున్నాయి. తెప్పించి రెండు వైపులా మార్చాను. ముందు స్ప్రింగులు మాత్రం నేను విప్పలేదు. అణచిపెట్టిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణం తీస్తుంది. సరైన పనిముట్లున్న వర్క్‌షాపులో ఆ పని చేయించాను. ఇంట్లో చేయకూడని పని ఏదో తెలుసుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.

పాత బండి పెట్టుకోవాలనుకునే తమ్ముళ్లకు ఇంకొన్ని మాటలు. వట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. స్టాండ్లు పెట్టండి, ఇటుకలు పేర్చవద్దు. ఈ కార్లలో బ్రేకులకు ఒకటే లైను. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాత రబ్బరు గొట్టాలు దానికి తట్టుకోవు, మార్చేయండి. మన మే నెల ఎండకు పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతే కంగారు పడొద్దు. తడిగుడ్డ చుట్టి ఓ పది నిమిషాలు చెట్టు నీడన కూర్చోండి.

ఆ మే నెలలోనే అమ్మను కాణిపాకం తీసుకెళ్లాను. ఎక్కబోతూ డోరు పట్టుకుని, "నూనె పోసినావా?" అని అడిగింది. ఇప్పటికీ ప్రతిసారీ అడుగుతుంది. నేను మామ నోటుబుక్కు తెరిచి చూపిస్తాను. ఆయన ఆపిన పేజీ తర్వాతి పేజీ నుంచి నా రాత మొదలవుతుంది. ఇక్కడికి వచ్చే ముందు నిన్న సాయంత్రం కూడా ఒక పద్దు రాశాను.

చివరగా సంఘానికి ఒక మనవి. మన బడిలో ఇప్పుడు క్రాఫ్టు పీరియడు లేదు. ఒక బీరువా, రెండు బల్లలు, స్పానర్లు, ఒక పాత సైకిలు, ఒక పాత మోటారు నేను ఇస్తాను. ఒక గది ఇప్పించండి. నెలకో శనివారం నేను వస్తాను. మనలో రిటైరైన లైన్‌మెన్లు, ఫిట్టర్లు, ఆర్టీసీ డిపోల్లో పనిచేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు నాకంటే ఎక్కువ తెలుసు, వాళ్లూ రావాలి. పిల్లలకు ముందు నోటుబుక్కు ఇద్దాం, తర్వాత స్పానరు ఇద్దాం.

భోజనాలయ్యాక కారు దగ్గర బానెట్టు ఎత్తి పెడతాను. పదో తరగతి పిల్లలు రండి, ఆ ట్రనియన్ ఎక్కడుందో చూపిస్తాను. చొక్కాలకు మరకలైతే మీ అమ్మలకు నేను సమాధానం చెబుతాను.