గార పళ్లు, తాగే నీళ్లు



సాంచాల పనికి నల్లగొండ వైపు నుంచి భివండీ వచ్చి, పద్మానగర్ చుట్టుపక్కల స్థిరపడిన కుటుంబాలు మీకు తెలిసినవే. ఊళ్లో అమ్మమ్మ దగ్గర పెరిగి, ఎనిమిదో తొమ్మిదో ఏట ఇక్కడి బడిలో చేరే పిల్లల్లో కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడతారు. పాఠం చదవమంటే తల వంచుకుంటారు. ముందు పళ్ల మీద పసుపు, గోధుమరంగు చారలు. "పళ్లు తోముకోవా?" అని తోటిపిల్లలే కాదు, మా ఉపాధ్యాయుల్లోనూ కొందరు అడుగుతుంటారు. కొన్ని ఇళ్లల్లో ఇటుక పొడితో, బొగ్గుతో, చివరికి ఈ ప్రాంతపు మశేరీతో రుద్దిస్తారు. మశేరీ అంటే కాల్చిన పొగాకు పొడే కదా! గార పోదు సరికదా, పసివాడికి పొగాకు అలవాటవుతుంది.

ఆ గార పైనుంచి పట్టింది కాదండీ. పన్ను ఇంకా చిగురు లోపల తయారవుతుండగానే, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీళ్ల వల్ల దాని పింగాణీ పొర దెబ్బతింటుంది. ఇదంతా దాదాపు ఎనిమిదేళ్లలోపు జరిగిపోతుంది. ఆ తర్వాత ఎంత తోమినా చార చెరగదు. పళ్ల డాక్టరు పైపూత వేసి కప్పగలడు, అంతే. కాబట్టి పిల్లవాణ్ణి తిట్టడం అన్యాయం.

మన దేశంలో ఈ జబ్బును 1937లో గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే, అంటే తెలుగు నేల మీదే. తర్వాత నల్లగొండ పేరు దీనితో ముడిపడిపోయింది. మర్రిగూడ వైపు పళ్లతో ఆగక ఎముకలు వంగిపోయినవారు ఎందరో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తీసే 'నల్లగొండ పద్ధతి'ని రూపొందించింది మాత్రం మన మహారాష్ట్రలోని నాగపూర్ పరిశోధన సంస్థ, నీరి. మన దేశపు ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు ఫరవాలేదంటారు. రుచి, రంగు చూసి ఇది తెలియదు. నీళ్లు కాచితే పోదు, పైగా నీరు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది.

మరి ఫ్లోరైడ్ పేస్టు మానేయాలా? అక్కర్లేదు. కొద్దిపాటి ఫ్లోరైడ్ పన్ను పుచ్చకుండా కాపాడుతుంది. మూడేళ్లు దాటిన పిల్లలకు బఠానీ గింజంత చాలు, మింగకుండా ఉమ్మించాలి. భివండీ పిల్లల పళ్లు నల్లబడి పుచ్చుతున్నాయంటే దానికి కారణం పొద్దస్తమానం తాగే తియ్యటి చాయ్, అందులో ముంచుకునే ఖారీ బిస్కట్లు. అది వేరే జబ్బు.

భివండీ నల్లాలకు వచ్చేది నది నీరు. అటువంటి నీటిలో సాధారణంగా ఫ్లోరైడ్ తక్కువ. నల్లా రాని రోజు బోరు నీళ్లే గతి అయితే వాటిని పరీక్ష చేయించాలి. తెలంగాణలో మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీరు నల్లగొండ ఇళ్లకు చేరింది. అయినా నల్లా ఆగిన పూట పాత బోరు దగ్గరికే పోయేవారుంటారు. సాంచాల పని వల్ల చంటిబిడ్డను ఊళ్లో వదిలి వచ్చినవారు ఈసారి ఫోను చేసినప్పుడు అమ్మను అడగండి: పాప తాగేది భగీరథ నీళ్లా, బోరు నీళ్లా?