విద్యుత్కారు: లాభనష్టముల లెక్క

నల్లగొండ నుండి హైదరాబాదు పోయి వచ్చుటకు దాదాపు 200 కిలోమీటర్లు. లీటరుకు 16 కిలోమీటర్లు నడచు కారు ఈ ప్రయాణమునకు పన్నెండున్నర లీటర్ల పెట్రోలు త్రాగును. లీటరు 107 రూపాయలని పట్టుకొన్నచో ఖర్చు 1,300 దాటును. విద్యుత్కారుకు ఇంచుమించు 30 యూనిట్లు చాలును. ఇంటి మీటరుపై యూనిటుకు 10 రూపాయలని ఎక్కువగానే లెక్కించినను 300 మాత్రమే. అనగా కిలోమీటరుకు 5 రూపాయలు మిగులును.

అయితే కొనునపుడు మూడు లక్షలు అధికముగా చెల్లించితిమనుకొందము. ఆ సొమ్ము తిరిగి రావలెనన్న 60,000 కిలోమీటర్లు నడపవలెను. వారమున కొకసారి రాజధానికి పోయి వచ్చు వర్తకునకు ఇది ఆరేండ్ల పని. నెలకు 300 కిలోమీటర్లు తిరుగు గృహస్థునకో, పదునారేండ్లు దాటును. బ్యాటరీకి కంపెనీలిచ్చు హామీ సాధారణముగా 8 ఏండ్లే!

విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మినహాయించుచు రాష్ట్ర ప్రభుత్వము 2024 నవంబరులో ఉత్తరువు చేసినది. ఆ గడువులో కొన్నవారికి తేడా కొంత తగ్గును. మహబూబునగరము చెంత దివిటిపల్లిలో బ్యాటరీల కర్మాగారమునకు 2023లో శంకుస్థాపన జరిగినది. బ్యాటరీ వెల తగ్గిన కొలది ఈ లెక్కయు మారును.

కావున శ్రోతలారా, ఇరుగుపొరుగును చూచి కొనవలదు. తమ బండి ఏడాదికెన్ని కిలోమీటర్లు తిరుగుచున్నదో ముందుగా చూచుకొనుడని మా మనవి.