విద్యార్థి సేవాసంఘము – బడి సంవత్సరము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



బడులు తెరచిన జూను మాసమున ఏ యూరి ఉన్నత పాఠశాలలోనైనను సేవాసంఘము స్థాపించుట కష్టము కాదు. ఉపాధ్యాయుడు తరగతిలో నిలిచి ఎవరు చేరెదరని అడిగిన చాలును, చేతులన్నియు పైకి లేచును. పేర్లు వ్రాసికొందురు, నాయకుల నెన్నుకొందురు, చీపుళ్లును తట్టలును కొందురు. దసరా సెలవుల నాటికి ఆ చేతులలో సగము కనబడవు. సంక్రాంతి దాటిన పిదప సంఘము పేరు గోడమీది బోర్డున మాత్రమే మిగులును. ఇది చూచి పెద్దలు, పిల్లలకు నిలుకడ లేదని తీర్పు చెప్పుదురు. ఈ తీర్పు న్యాయము కాదు. నిలుకడ లేనిది పిల్లలకు కాదు, వారికి అప్పగించిన పనికి. బడి సంవత్సరమునకు ఒక రూపము కలదు. దానిని గమనింపక వేసిన ప్రణాళిక ఎంతటి ఉత్సాహవంతుల చేతిలోనైనను మాఘమాసము దాటదు.

ఆ రూపమెట్టిది? జూను రెండవ వారమున బడి తెరచును. జూలై, ఆగస్టు మాసములలో విద్యార్థికి తీరిక యుండును. పిమ్మట పరీక్షలు, దసరా సెలవులు. నవంబరు, డిసెంబరు మాసములు మరల అనుకూలమైనవి. సంక్రాంతి తరువాత పదవ తరగతి వారికి ఊపిరి సలుపదు; సాధారణముగా మార్చిలో ప్రభుత్వ పరీక్షలు వచ్చును. ఏప్రిలు చివర బడి మూసినచో మరల జూను వరకు తలుపు తీయరు. పేరునకు పది నెలల సంవత్సరమే గాని సేవకు దొరకునది ఆరేడు నెలలు మాత్రమే. ఈ లెక్కలో వింత లేదు. అయితే సంఘమునకు సెలవులున్నవి గాని, సంఘము ఎవరి కొరకు ఏర్పడెనో వారికి సెలవులు లేవు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మొక్కల సంగతి తీసికొందము. 1950లో కేంద్రమంత్రి కె. ఎం. మున్షీ గారు వనమహోత్సవమును ప్రారంభించిన నాటినుండి జూలై మాసమున మొక్కలు నాటుట దేశమంతట ఆచారమైనది. విద్యార్థి సంఘములకు ఇది మిక్కిలి ప్రీతికరమైన పని. గోతులు త్రవ్వుదురు, ముఖ్య అతిథి వచ్చి ఒక చెంబు నీరు పోయును, ఛాయాచిత్రము తీయుదురు. ఆ పిమ్మట వానలే మొక్కను సాకును గనుక కార్తికము వరకు ఎవ్వరికిని చింత యుండదు. తరువాత వానలు నిలిచిపోవును. మార్చి నాటికి నేల నెఱ్ఱెలు వాఱును. మొక్కకు నీరు మిక్కిలి అవసరమైన ఆ దినములలోనే నాటినవారు పరీక్షలకు కూర్చుందురు. మే మాసమున వారు అమ్మమ్మగారి ఊళ్లలో నుందురు. జూనులో తిరిగి వచ్చునప్పటికి పుల్లలు నిలిచియుండును. మరల జూలై వచ్చును, మరల ఆ గోతులలోనే కొత్త మొక్కలు, మరల ఛాయాచిత్రము. నాటుట ఒక్క పూట పని, నీరు పోయుట రెండు వేసవుల పని. కావున ఎన్ని మొక్కలు నాటవలెనన్నది జూలైలో దొరకిన మొక్కల సంఖ్యను బట్టి కాక, మే మాసమున నీరు పోయుదుమని చెప్పిన ఇండ్ల సంఖ్యను బట్టి నిర్ణయింపవలెను. పది ఇండ్లవారు ఒప్పుకొన్నచో పది మొక్కలే నాటవలెను. ప్రతి మొక్కకు మేకలు తినకుండ కంప కట్టవలెను. అడుగున చిన్న రంధ్రము చేసి, గుడ్డ వత్తి దూర్చిన పాత కుండను మొదలుకు కొంచెము ఎడముగా పాతినచో దానిని నింపిన నీరు మెల్లమెల్లగా వేళ్లకు దిగును. దినదినము పోయు శ్రమ తగ్గును. నూరు మొక్కలు నాటితిమని చెప్పుకొనుట వినుటకు బాగుండును, నిజమే. పది చెట్ల నీడ అంతకంటె బాగుండును.

దోమల పని దీనికి భిన్నమైనది. డెంగీ జ్వరమును మోయు దోమ గ్రుడ్డు పెట్టినది మొదలు రెక్కలు వచ్చి ఎగురు వరకు ఇంచుమించు ఎనిమిది పది దినములు పట్టును. వారమున కొకసారి తొట్లు, కుండలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు ఒలకబోసినచో ఏ పురుగును దోమగా మారజాలదు. శుక్రవారమును పొడిదినముగా పాటింపుమని ఆరోగ్యశాఖ వారు చెప్పుటలోని అర్థమిదియే. రెండు వారములు మానినచో ఒక తరము దోమలు లేచిపోవును. ఆ మీదట ఎంత గొప్ప ఊరేగింపు తీసినను ప్రయోజనము లేదు. ఆ గ్రుడ్లు తొట్టి గోడలకంటుకొని, ఎండినను నెలల తరబడి చావవు. అందుచేత నీరు పారబోయుటతో సరిపెట్టక పీచుతో గోడలను రుద్ది కడుగవలెను. ఈ పనికి ప్రతి వీధికి ఇద్దరు పిల్లలు, వారమున కొక గంట చాలును. వానకాలమునకును బడి తీరికకును పొత్తు కుదిరియుండుట ఇందలి సౌకర్యము. సంఘమునకు ఏది తగిన పని అని విచారించువారు ముందుగా ఇట్టి పొత్తును వెదకవలెను.

ఇక మనుష్యుల సంగతి. చూపు మందగించిన వృద్ధులకు పత్రిక చదివి వినిపించుట, పింఛను కాగితములోనున్న విషయము చెప్పుట, దూరముననున్న బిడ్డలకు ఉత్తరము వ్రాసిపెట్టుట — గ్రంథాలయము నీడలో పనిచేయు సంఘమునకు వీనికంటె తగిన సేవ లేదు. వీనికంటె ప్రమాదకరమైనదియు లేదు. మొక్క ఎండిపోవును గాని చిన్నబుచ్చుకొనదు. ఒక మామ్మ ఇంటికి ఆదివారము ఆదివారము వచ్చి కబుర్లు చదివి వినిపించిన కుఱ్ఱవాడు ఫిబ్రవరిలో చెప్పకయే మానివేసినచో ఆమె ఏమనుకొనును? వానికి పరీక్షలని ఆమెకు తెలియదు. తానేమైన మాట తూలితినేమో, వాని తల్లి వద్దన్నదేమో యని మథనపడును. అరుగుమీద చాప పరచి ఎదురుచూచును. అసలు ఎన్నడును పోకయుండినచో ఈ బాధ కలిగియుండెడిది కాదు. సేవ చేయుట మంచిదే యని అందరును అందురు. మొదలుపెట్టి విడుచుట వలన కీడు కలుగునని మాత్రము ఎవ్వరును పిల్లలకు చెప్పరు.

దీనికి ఉపాయము లేకపోలేదు. ఒక ఇంటికి ఒక విద్యార్థిని కాక ఇద్దరిని పంపవలెను. అందొకరు ఎనిమిదవ తరగతి, ఒకరు తొమ్మిదవ తరగతి. పదవ తరగతి వారికి కొత్త ఇల్లు అప్పగింపరాదు. తొమ్మిది దాటిన విద్యార్థి తన స్థానమునకు వచ్చు చిన్నవానిని వెంట దీసికొనిపోయి, "మామ్మా, ఇకమీదట వీడు వచ్చును, వీడు ఫలానావారి మనుమడు" అని చెప్పి, రెండు వారములు కలిసి కూర్చుండి, అటు పిమ్మట సెలవు పుచ్చుకొనవలెను. పరీక్షలకై కొన్ని వారములు మానవలసివచ్చినచో మానుటకు ముందే ఆ సంగతియు, తిరిగి వచ్చు దినమును గుమ్మములో నిలిచి చెప్పవలెను. చెప్పిన దినమున పోవలెను. బ్యాంకు రహస్యసంఖ్యలు అడుగుటగాని, వినుటగాని, డబ్బు తెచ్చిపెట్టుటగాని పిల్లల పని కాదని మొదటి దినముననే ఇరువురికిని తెలుపవలెను.

ఆంధ్రదేశమున సేవాదళములు నిన్న మొన్న పుట్టినవి కావు. 1921 నాటి చీరాల–పేరాల పోరాటమున దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి రామదండు పేరు వినని వారుండరు. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున జరిగిన ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున పదునాలుగేండ్ల బాలిక స్వచ్ఛంద సేవకురాలుగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోపలికి పంపరాదని ఆమెకిచ్చిన ఆజ్ఞ. జవహర్లాల్ నెహ్రూ వచ్చినను ఆమె టిక్కెట్టు లేనిదే విడువలేదు. ఆ బాలికయే తరువాత ఆంధ్ర మహిళాసభను స్థాపించిన దుర్గాబాయి. ఈ కథను ధైర్యమునకు ఉదాహరణముగా చెప్పుట వాడుక. ధైర్యముకంటె ఇందు గమనింపదగినది మరియొకటి కలదు: ఆమెకు ఒక ద్వారము, ఒక వేళ, ఒక పని స్పష్టముగా అప్పగింపబడినవి. నలుబదిమందిని పిలిచి "ఊరికి సేవ చేయుడు" అని విడిచిపెట్టినచో దుర్గాబాయి వంటి బాలిక కూడ ఏమి చేయవలెనో తోచక ఇంటికి పోయియుండెడిదే.

స్వాతంత్ర్యానంతరము 1964–66 నాటి కొఠారీ విద్యా సంఘము విద్యలో సంఘసేవ ఒక భాగము కావలెనని సూచించెను. గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో, సుమారు 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైనది. దాని నియమమున సంవత్సరమునకు 120 గంటల సేవ యని యున్నది. పది నెలలకు పంచినచో నెలకు 12 గంటలు, అనగా వారమునకు మూడు గంటలు. కళాశాల విద్యార్థికే ఇంత యనినప్పుడు ఉన్నత పాఠశాల బాలునకు వారమున కొక గంట, మిక్కిలి యైన గంటన్నర చాలును. ఎక్కువ అడిగినచో మొదట చదువు చెడును, తరువాత తల్లిదండ్రుల ఒప్పుదల పోవును, ఆ వెనుక సంఘము పోవును. జూనియర్ రెడ్ క్రాస్ యనుడు, స్కౌట్లనుడు, మరేమైన ననుడు. పేరు ఏదైనను లెక్క ఇదియే.

కొన్ని జాగ్రత్తలు చెప్పక తప్పదు. బావులలో, కాలువలలో, మురుగు గోతులలో పిల్లలను దింపరాదు. దీపాలవేళకు ఆడపిల్లలే కాదు, అందరును ఇండ్లకు చేరవలెను. రక్తదానమునకు పదునెనిమిదేండ్లు నిండవలెను గనుక బడిపిల్లలు దాతల పట్టిక వ్రాసి ఉంచవచ్చునే గాని దాతలు కాజాలరు. దుకాణముల వెంట తిరిగి చందాలు వసూలు చేయుట విద్యార్థులకు తగదు. బడి మరుగుదొడ్లను పిల్లలచేత కడిగించి దానికి సేవ యని పేరు పెట్టుట అసలే తగదు. ఇండ్ల పట్టికలో పెద్ద వీధి మాత్రమే కాక ప్రతి పేటయు ఉండవలెను. జంటలను కూర్చునప్పుడు ఒకే వీధి పిల్లలిద్దరిని ఒక జంట చేయకుండుట మేలు. పేటకు పోయి పరిశుభ్రతపై ఉపన్యాసమిచ్చు సంఘముకంటె, అక్కడివారిని మీకేమి కావలెనని అడిగి వ్రాసికొని వచ్చు సంఘము నయము. యోగ్యతాపత్రముల గొడవ యొకటి యున్నది. వానిని ఆగస్టు 15న పంచిపెట్టుట వలన ఆగస్టు 16న పని నిలిచిపోవును. ఏప్రిలులో, లెక్క అప్పగించిన పిదప ఇచ్చుట మంచిది.

సంఘము నడుపు ఉపాధ్యాయునకు బదిలీ యగుట సర్వసాధారణము. ఆయనతో సంఘము కూడ బండి యెక్కును. అందుచేతనే సంఘపు పుస్తకము ప్రధానోపాధ్యాయుని బీరువాలో కాక గ్రంథాలయమున ఉండవలెను. ఏలయన గ్రంథాలయమునకు వేసవి సెలవులు లేవు. పాతూరి నాగభూషణము గారు 1935లో కృష్ణా కాలువలపై పడవ గ్రంథాలయమును నడిపిరి. పుస్తకము అరువిచ్చుట యనగా మరల వత్తుమని మాట ఇచ్చుటయే కదా! ఒడ్డున నిలిచి పుస్తకము తీసికొన్న రైతు ఆ మాటను నమ్మెను. సేవాసంఘము ఆ పడవ వంటిది. ఒక్క పర్యాయము వచ్చి పోవుటకైనచో దానికి పుస్తకములతో పని లేదు, జెండాలు చాలును.

ఆ పుస్తకమున మూడు గళ్లు చాలును: పని ఏది, ఇద్దరు ఎవరు, మరల పోవలసిన దినమెప్పుడు. చేసిన పనుల గొప్పలు వ్రాయుటకు నాలుగవ గడి అక్కరలేదు. నవంబరు 14 నుండి 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో ఒక సాయంకాలము ఆ పుస్తకమును సభలో చదివి వినిపింపవచ్చును. పాటల పోటీలు ఒకటి తగ్గినను నష్టము లేదు. ఎండిన మొక్కలు ఎన్ని, మానివేసిన ఇండ్లు ఎన్ని యని కూడ చదువవలెను. పిల్లలు సిగ్గుపడుటకు కాదు. డిసెంబరులో ఏది సరిదిద్దవలెనో తెలియుటకు.

ఇక చందాదారుల పని మిగిలినది. ఏప్రిలు మూడవ వారమున, బడి మూయకముందే, సంఘము వారు నీరు పోయవలసిన మొక్కల పట్టికను, చదివి వినిపింపవలసిన ఇండ్ల పట్టికను వ్రాసి గ్రంథాలయపు బల్లమీద ఉంచవలెను. పత్రిక చదువవచ్చు చందాదారులు ఒక్కొక్కరు తమ యింటికి దగ్గరనున్న ఒక పేరు నెదుట సంతకము చేయుదురు గాక. మొక్క అయినచో దినము విడిచి దినము ఒక బిందె నీరు. ఇల్లు అయినచో ఆదివారమున అరగంట. జూను రెండవ వారమున పిల్లలు తిరిగి వచ్చి ఆ పట్టికను పుచ్చుకొందురు.