మాటలతో జబ్బు నయమవుతుందా?

(రోలుగుంటలో చేసిన ప్రసంగ పాఠం)





మానసిక కుంగుబాటుకు మాటలతో చికిత్స ఉన్నదని చెబితే మనవారి నుంచి రెండు జవాబులు వస్తాయి. “మాటలతో జబ్బు పోతుందా? సూదో మాత్రో ఇమ్మనండి” అనేది ఒకటి. “ఈమాన్ గట్టిగా ఉన్నవారికి దిగులెందుకు?” అనేది రెండవది. ఎక్కువ హాని చేస్తున్నది రెండవదే గనుక ముందు దానినే తీసుకుంటాను.

యూసుఫ్‌కు దూరమైన యాఖూబ్ ప్రవక్త (అలైహిస్సలాం) దుఃఖంతో చూపునే కోల్పోయారు. హజ్రత్ ఖదీజా (రజి), అబూతాలిబ్ కన్నుమూసిన ఏడాదికి చరిత్రలో దుఃఖ సంవత్సరమనే పేరు నిలిచింది. వారి విశ్వాసాన్ని ఎవరు శంకించగలరు? దుఃఖం వేరు, జబ్బు వేరు అంటారా? నిజమే. ఆ తేడాను వెయ్యేళ్లకు పూర్వమే అబూ జైద్ అల్‌బల్ఖీ అనే ముస్లిం పండితుడు గుర్తించాడు. 934లో మరణించిన ఆయన, దేహారోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ ఒకే గ్రంథంలో చర్చించి, కారణం తెలిసిన దుఃఖాన్నీ తెలియని విషాదాన్నీ వేరుచేశాడు. దుఆ చేయండి, నమాజు చదవండి. జ్వరమొస్తే దుఆతోపాటు మందు కూడా తీసుకుంటున్నాం కదా!

ఇక మొదటి సందేహం న్యాయమైనదే. పాకిస్తాన్‌లోని రావల్పిండి పరిసర గ్రామాలలో కుంగుబాటుకు లోనైన గర్భిణుల ఇళ్లకు మన ఆశా కార్యకర్తల వంటి మహిళలే వెళ్లారు. ఒక వర్గానికి, శిక్షణ పొందిన పద్ధతి ప్రకారం మాట్లాడారు. రెండవ వర్గానికి అన్నే సార్లు వెళ్లి మామూలుగా పలకరించి వచ్చారు. కాన్పైన ఆరు నెలలకు మొదటి వర్గంలో నూటికి 23 మందిలో కుంగుబాటు మిగిలింది, రెండవ వర్గంలో 53 మందిలో. 2008లో వెలువడిన ఈ ఫలితం చెప్పేదేమిటంటే, పనిచేసింది ఉత్త పలకరింపు కాదు, పద్ధతి. మన ఇళ్లలో “ధైర్యంగా ఉండమ్మా” అనడాన్నే కౌన్సెలింగ్ అనుకుంటాం. అది ఫలించకపోతే చికిత్సే దండగ అంటాం.

మన దేశంలో గోవా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోనూ దీనిని పరీక్షించారు. తీవ్ర కుంగుబాటు ఉన్నవారితో, వైద్యులు కాని శిక్షితులే ఆరు నుంచి ఎనిమిది విడతలు మాట్లాడగా నూటికి 64 మంది కోలుకున్నారు. అది లేనివారిలో 39 మంది. మిగిలిన 36 మంది మాటేమిటని మీరు అడగాలి. మాట సర్వరోగ నివారిణి కాదు. కొందరికి మందులు కావాలి, కొందరికి రెండూ కావాలి.

2015-16 జాతీయ సర్వే ప్రకారం కుంగుబాటు ఉన్నవారిలో నూటికి 85 మందికి ఏ చికిత్సా అందడం లేదు. ఆ శూన్యంలో జరిగేదేమిటో ఎర్వాడి చూపింది. తమిళనాడులోని ఆ దర్గా ఊరిలో 2001 ఆగస్టు 6న, గొలుసులతో కట్టివేసిన రోగులలో 28 మంది మంటల్లో మరణించారు. నేను దర్గాను నిందించడం లేదు, గొలుసును నిందిస్తున్నాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను నిషేధించింది. ప్రభుత్వ సేవల ద్వారా మానసిక చికిత్స పొందడాన్ని హక్కుగా గుర్తించింది.

కాబట్టి రోలుగుంట నుంచి వెళ్లే అర్జీలో ఒక కోరిక చేర్చండి: మన ఆశా కార్యకర్తలకు ఈ శిక్షణ ఇవ్వాలి, ఆరోగ్య కేంద్రంలో స్త్రీలు గోప్యంగా మాట్లాడుకోవడానికి ఒక గది కేటాయించాలి. ఈలోగా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. చావు తలంపు మాట ఎవరి నోటనైనా వస్తే మాత్రం వారిని ఒంటరిగా వదలక, ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.