ఆ లూపులు తిరగేసింది నేనే

పట్టాలందుకున్న మీకు అభినందనలు, వెనక వరసల్లో ఉన్న మీ అమ్మానాన్నలకు ఇంకాస్త ఎక్కువ. మర్యాదలు ఇంతటితో ఆపి, నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాం నా చేతికిచ్చారు. ఒక పట్టిక, రెండు లూపులు. బయటిది అడ్డవరసలు దాటుతుంది, లోపలిది ఆ వరసలో గళ్ళు. ప్రతి గడీ పై వరసలో తనకు కుడివైపున్న గడి విలువ తీసుకుని తన లెక్క కట్టుకుంటుంది. ఫోర్‌ట్రాన్ పట్టికను నిలువు వరసలుగా మెమరీలో పేరుస్తుంది కనుక, అడ్డంగా నడిచే లోపలి లూపు అడుగడుక్కీ గెంతాలి. లోపలిది బయటికి, బయటిది లోపలికి మార్చేస్తే సరి అనుకున్నాను. కంపైలర్ ఆ పని చెయ్యలేదు. డిపెండెన్స్ ఉందని, అంటే ఒక గడి లెక్క ఇంకో గడి మీద ఆధారపడిందని, రిపోర్టులో రాసింది కూడా. మొద్దుదని తిట్టుకుని నేనే మార్చాను. ప్రోగ్రాం పరుగెత్తింది. అందరికీ టీ ఇప్పించాను.

జవాబులన్నీ తప్పని మూడు వారాలకు తెలిసింది.

కుడి నిలువు వరస లెక్క కాకముందే ఎడమ వరస దాని పాత విలువ తీసేసుకుంది. బయటి లూపు అంకె ముందు రాస్తే అక్కడి డిపెండెన్స్ దూరం (1, -1). లూపులు మారిస్తే (-1, 1) అవుతుంది, అంటే రేపు వండే కూర ఇవాళ వడ్డించమనడం. మందు తేలికే: నిలువు వరసల్ని కుడి నుంచి ఎడమకు నడిపితే దూరం (1, 1), అప్పుడు నిశ్చింతగా మార్చుకోవచ్చు. ఇలాంటి లూపుల్ని సమాంతరంగా నడిపే దారి లెస్లీ లాంపోర్ట్ 1974లోనే రాశాడు. నేనూ చదివాను. పరీక్ష కోసం చదివాను, అది వేరు.

ఇంటర్వ్యూల్లో మీవాళ్ళు "నాలుగు రెట్లు ఫాస్ట్ సార్" అంటారు. ఏ గడి దేని మీద ఆధారపడిందని అడిగితే పైకప్పు చూస్తారు. అక్కడ రాసి ఉండదు నాయనా! కాగితం మీద మూడు గళ్ళు గీస్తే రెండు నిమిషాల్లో తేలుతుంది. అనుమానమొస్తే కంపైలర్ ఆగుతుంది, మీరు ఆగరు. "ఇక్కడ డిపెండెన్స్ లేదు" అని ఒక్క డైరెక్టివ్ రాస్తే పాపం, అది మీ మాట నమ్మేస్తుంది.

ఇవాళ ఇంటికెళ్ళాక మీ ఫైనలియర్ ప్రాజెక్టులో ఒక జంట లూపుల్ని తిరగేసి చూడండి. జవాబు మారితే ఎందుకు మారిందో కాగితం మీద గీసి నాకు పంపండి.