పలకల అతుకులు - బోల్టుల బలము



మంజీరానదిపై 1923 మొదలు 1931 వరకు నిజాంసాగరము కట్టబడెను. ఆ నీటిచే నిజామాబాదు ప్రాంతమున చెఱకు పెరిగెను. 1937లో బోధనునందు నిజాం చక్కెర కర్మాగారము వెలసెను; 2015లో అది మూతపడెను. చక్కెర తయారగు ప్రతిచోటను చిట్టచివర నల్లని మడ్డి మిగులును. దీనినే మొలాసిస్ అందురు. దీనిని నిలువచేయు తొట్లను కొన్నిచోట్ల ఉక్కు పలకలను బోల్టులతో బిగించి కట్టుదురు. ఆ బోల్టులపై పడు బలమును లెక్కించు విధమే నేటి విషయము.

ఇది ప్రాణములతో ముడిపడిన లెక్క. 1919 జనవరి 15వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున రివెట్లతో కలిపిన ఒక మడ్డి తొట్టి పగులగా 21 మంది మరణించిరి. దాని పలకల మందము ఆ భారమునకు చాలకపోయెను.

ఒక గుండ్రని తొట్టిని ఊహింపుడు. వ్యాసము 10 మీటర్లు. మడ్డి లోతు 6 మీటర్లు. ఘనమీటరు మడ్డి సుమారు 1.4 టన్నులు తూగును. కావున అడుగున చదరపు మీటరునకు 8.4 టన్నుల ఒత్తిడి కలుగును. దానిని వ్యాసార్ధమగు 5 చే గుణించినచో, నిలువు అతుకును విడదీయజూచు లాగుడు మీటరునకు 42 టన్నులు. అచ్చట మీటరునకు 20 బోల్టులున్నచో సగటున ఒక్కొక్కదానికి 2.1 టన్నులు వచ్చును.

అయితే బోల్టులు ఈ భారమును సమముగా పంచుకొనవు. లాగుడు దిశలో అనేక బోల్టులు వరుసగా నున్నచో కొనలనున్నవి ఎక్కువయు నడిమివి తక్కువయు మోయును. తొట్టి అడుగుభాగము గోడను పట్టియుంచుటచే అచ్చటి లెక్కయు మారును.

ఈ పంపకమును తెలిసికొనుటకు ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి ఉపకరించును. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనువారు విమాన నిర్మాణమునకై ప్రకటించిన వ్యాసము దీనికి బాట వేసెను. 1960లో క్లఫ్ దీనికి ఈ పేరు పెట్టెను. ఇందు పలకను చిన్న చిన్న ముక్కలుగా భావింతురు. ముక్కలు కలియు బిందువులను చెఱకునందువలె కణుపులనవచ్చును. ఏ కణుపు ఎంత కదలునో కంప్యూటరు లెక్కించును. ఒక్కొక్క బోల్టును తగిన బిగువుగల స్ప్రింగుగా నుంచినచో, ఆ స్ప్రింగు మోయు బలమే బోల్టు బలము.

ఇచ్చట రెండు జాగ్రత్తలు వలయును. మొదటిది: రెండు పలకలను ఒకే రేకుగా కలిపివేసినచో బోల్టుల పంపకము కానరాదు. రెండవది: స్ప్రింగు తగిలిన కణుపువద్ద చూపబడు తీవ్రతను నమ్మరాదు. ముక్కలను సన్నము చేసినకొలది ఆ అంకె పెరుగుచునే యుండును. బోల్టు మోయు మొత్తము బలమట్లు పెరుగదు, చూడవలసినదదియే.

తుదకు కాగితముపై ఒక పరీక్ష చేయవలెను. తొట్టిని నిలువున రెండుగా కోసినట్లు భావింపుడు. ఒక సగముపై మడ్డి త్రోపు మొత్తము 252 టన్నులు. కోతకు రెండు ప్రక్కల నున్న అతుకులును, తొట్టి అడుగును కలిసి అంత బలమును మోయవలెను. కంప్యూటరు చూపిన బలములను కూడగా ఈ అంకె రానిచో, రంగుల చిత్రమెంత మనోహరముగా నున్నను దానిని నమ్మి తొట్టిలో మడ్డి పోయరాదు.