కుక్కపిల్ల ఆహారము

కుక్కపిల్లను ఇంటికి తెచ్చినవారు మొదట కొన్ని దినములు అది అలవాటుపడిన ఆహారమునే పెట్టుట మేలని మా మనవి. క్రొత్తదానిని వారము దినములలో కొంచెము కొంచెముగా కలుపుచు మార్చవలెను. లేనిచో విరేచనములు పట్టుకొనవచ్చును.

మన యిండ్లలో పాలు, అన్నము పెట్టుట వాడుక. దానితో కడుపు నిండును గాని, ఎదుగుదలకు వలసిన మాంసకృత్తులు చాలవు. ఉడికించిన గ్రుడ్డు, ఎముకలు తీసిన మాంసము చేర్చవలెను. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, చాక్లెట్ దానికి విషతుల్యములు.

మాంసములో భాస్వరము హెచ్చు, కాల్షియము మిక్కిలి తక్కువ. ఆ లోటు తీరనిచో లేత ఎముకలు వంగిపోవును. అట్లని కాల్షియపు మందును మనంతట మనమే పోయరాదు. 6 నెలల లోపు పిల్ల హెచ్చయిన కాల్షియమును గ్రహింపకుండ నిలుపుకొనలేదు. పెద్దజాతులలో అదియు ఎముకలను చెరచును. కుక్కపిల్లలకై తయారైన సంపూర్ణాహారము పెట్టువారికి ఆ మందుతో పనిలేదు. ఇంటివంట పెట్టువారు మాత్రము పిల్లను తూచి, పశువైద్యుని అడిగి, కొలత తెలిసికొనియే కలుపవలెను.